గుమ్మం అవతల చించిన ప్రకరణం

చోడవరం,
2-2-1954

శ్రీ

చిరంజీవి సౌభాగ్యవతి మంగాయమ్మకు వదిన కనకమహాలక్ష్మి దీవెనలు. ఇక్కడ అత్తయ్యా నేనూ క్షేమం. అక్కడ నువ్వూ, మీవారూ, మీ అత్తగారూ క్షేమమని తలుస్తాను. ఖరగపూర్ చలి తగ్గిందా?

రాజమండ్రి నుంచి నవల తిరిగొచ్చింది. పోస్టుమేన్ కట్ట అరుగు మీద పెట్టి, "పుస్తకం అచ్చయిపోయిందేటండి టీచరుగారూ?" అని నవ్వుతూ అడిగాడు. లేదు నాయనా, వెళ్ళింది వెళ్ళినట్టే వచ్చింది అన్నాను. నాకేమీ అనిపించలేదు. లోపలికి వెళ్ళి పప్పు దించి పోపు పెట్టాను. భోజనాలయ్యాక కట్ట విప్పి, పైనున్న ఉత్తరం చదివాను.

పబ్లిషరు మర్యాదస్తుడు. నీకోసం ఆయన మాటలే రాస్తున్నాను. "అమ్మా, మీ భాష బాగుంది. బెల్లం వంట, గానుగ దగ్గర కబుర్లు కళ్ళకి కట్టాయి. కాని పదిహేడు ప్రకరణాల పాటు ఎదురుచూపు రాసి, పద్దెనిమిదో ప్రకరణంలో ఒక్క పేజీలో మనిషిని ఓడ దింపేశారు. నాకు నమ్మకం కలగలేదు. ఇది అక్కడో మాటా ఇక్కడో మాటా దిద్దితే పోయే లోపం కాదు. మొత్తం నవలని పరాయివాళ్ళు రాసినట్టు ఒకసారి చదవండి. అసలీ కథ ఎవరిది? అది తేల్చుకుని తిరిగి రాస్తే తప్పక చూస్తాను."

ఎవరిదేమిటి? సూరయ్యది. సూరయ్య రంగూన్ వెళ్ళడం, యుద్ధం రావడం, ఇంటి దగ్గర పెళ్ళాం పైడితల్లీ, తల్లీ ఎదురుచూడడం, చివరికి అతను రావడం. మన ఇంటి కథ కాదని నేనెంత చెప్పినా ఊళ్ళో నమ్మరు. సూరయ్య వచ్చాడు, మీ అన్నయ్య రాలేదు. అంతే తేడా.

ఇంకో సంగతి. మొన్న పురోహితుడు వచ్చాడు. ఈ చైత్రానికి మీ అన్నయ్య కబురు తెలియక పన్నెండేళ్ళట. శాస్త్రప్రకారం దర్భలతో బొమ్మ చేసి దహనం జరిపించవచ్చట. అత్తయ్య ఊరుకుంటుందా? "నా కొడుకు రేపో మాపో ఓడ దిగుతాడు. ఒచ్చినోడికి అన్నం ఎడతామా, గెడ్డి బొమ్మని సూపెడతామా? లెగు, లెగు" అని వీధి వీధంతా వినేలా కేకలేసింది. ఆ తరవాత విశాఖపట్నం నుంచి వచ్చిన బెల్లం వర్తకుణ్ణి పట్టుకుని, "రంగూన్ ఓడేటైనా ఒచ్చిందా బాబూ?" అని అడిగింది. ఆయన నా వైపు జాలిగా చూశాడు. నాకు అలవాటే.

మొదటినుంచీ ప్రతి ప్రకరణం చదివినదానివి నువ్వు. ఏం చెయ్యమంటావో రాయి.

ఇట్లు,
నీ వదిన
కనకం

*

ఖరగపూర్,
10-2-1954

శ్రీ

మహాలక్ష్మీ సమానురాలు, సౌభాగ్యవతి వదినగారికి మంగ నమస్కారాలు.

ఆ రాజమండ్రి ఆయనకి నమ్మకం కలగలేదా? ఆయనకి కలగకపోతే కొంపలేమీ మునిగిపోవు. ఎదురుచూసి ఎదురుచూసి ఉన్న మనిషికి అవతలివాడు రావడం ఒక్క పేజీలోనే అయిపోతుంది. ఆయనెప్పుడైనా ఎవరికోసమైనా చూశాడా అని అడుగు.

నవల మొత్తం కదపకు వదినా. ఇల్లు బాగుచేస్తామని పునాది తవ్వుకుంటామా? ఆ చివరి ప్రకరణం ఒక్కటీ పెంచు. ఆయనడిగింది అదే. ఓడ దిగడం పెట్టు, ట్రంకుపెట్టె పెట్టు, తల్లికి రంగూన్ గొడుగు తెచ్చాడని పెట్టు. అన్నయ్య నడుస్తుంటే ఎడమ భుజం కాస్త కిందికి ఉంటుంది, నీకు తెలియదా! పొడుగు మనిషి కాబట్టి మన గుమ్మంలో తలొంచుకుని వస్తాడు. ఒక్కోసారి మరిచిపోయి నుదురు కొట్టుకుంటాడు. అది రాయి. సూరయ్య నుదురు కొట్టుకున్నాడంటే నమ్మనివాడెవడో చూస్తాను.

మా ఇంట్లో కుళాయి పొద్దున్న ఒక్క గంటే వస్తోంది. వర్కుషాపు సైరన్ కన్నా ముందు లేచి పట్టుకోవాలి. మా అత్తగారికి నవలలంటే గిట్టదు. "లేనోళ్ళ ఏడుపు మనకెందుకే, ఉన్నోళ్ళ ఏడుపు సాలదా?" అంటుంది. అయినా నేను చదువుతుంటే పక్కకొచ్చి కూర్చుంటుంది.

పురోహితుణ్ణి గుమ్మం ఎక్కనివ్వకు. అన్నయ్య జ్వరంతో దారి పక్కన కూర్చుని ఉండగా చూశానని, బర్మా నుంచి కాలినడకన తిరిగొచ్చిన పరదేశి చెప్పాడు గాని, పోయాడని చెప్పలేదు కదా. రావికమతం మనిషి, అబద్ధమాడడు. జ్వరం తగ్గి ఏ అడవి పల్లెలోనో ఉండిపోయి ఉండొచ్చు. అమ్మ ఒక్కతే నమ్ముకుని బతుకుతోంది. వెర్రిదే అనుకో, ఆ వెర్రే ఆవిణ్ణి నిలబెట్టింది. నవల పేరు చెప్పి దానిమీద దెబ్బ కొట్టకు.

నీ ఆడపడుచు,
మంగ

*

చోడవరం,
26-2-1954

శ్రీ

చిరంజీవి సౌభాగ్యవతి మంగకు వదిన దీవెనలు. నీ ఉత్తరం ఎప్పటిలాగే అరుగు మీద అత్తయ్యకి చదివి వినిపించాను. చుట్టుపక్కలవాళ్ళు నలుగురూ విన్నారు. నీ కుళాయి కష్టాలకి అందరూ జాలిపడ్డారు.

నువ్వు చెప్పినట్టే రాశాను. ట్రంకుపెట్టె పెట్టాను, గొడుగు పెట్టాను, నుదురు కూడా కొట్టించాను. మూడు రకాలుగా రాశాను. మూడుసార్లూ సూరయ్య గుమ్మం దాకా వస్తున్నాడు, అక్కడ ఆగిపోతున్నాడు. పైడితల్లి అతనితో ఏమంటుందో నాకు తెలియడం లేదు. కాళ్ళకి నీళ్ళివ్వడం తప్ప ఏమీ తోచడం లేదు. మీ అన్నయ్య భుజం సంగతి నువ్వు రాస్తే జ్ఞాపకం వచ్చింది. ముఖం రాలేదు. పెళ్ళయిన ఏడాదిన్నరకే వెళ్ళిపోయిన మనిషి. మీ అందరూ చెప్పగా తెలిసినదే ఎక్కువ.

మొన్న బడికి సెలవు. ప్రకరణాలన్నీ వరసగా గదిలో నేల మీద పరిచాను. కాగితాలు ఎగరకుండా ఒక్కోదాని మీదా ఒక్కో బెల్లం ముక్క పెట్టాను. సాయంత్రానికి చీమలు బారులు తీరాయి. అత్తయ్య తొంగిచూసి, "నీ కతకి సీమలట్టేయే! తియ్యగుందన్నమాట" అంది. నేనూ నవ్వాను.

పరిచి చూస్తే పబ్లిషరు మాట నిజమే. సూరయ్య మూడు ప్రకరణాల్లోనే ఉన్నాడు. పైడితల్లి అన్నింట్లోనూ ఉంది గాని, ఎక్కడా ఎదురుచూడడం లేదు. వండుతోంది, నీళ్ళు తోడుతోంది, గానుగ దగ్గరికి అన్నం పట్టుకెళ్తోంది. ఎదురుచూసేదల్లా అత్తగారు. ఆవిణ్ణి నేను ప్రకరణానికోసారి వీధిలోకి తెచ్చి, ఓడ వచ్చిందా అనిపించి, చదివేవాళ్ళని నవ్వించి, లోపలికి పంపేశాను. కథలో ఒకరైనా నవ్వించకపోతే ఎలా అనుకున్నాను.

పద్దెనిమిదో ప్రకరణం తీసేశాను. వేరేగా రాస్తాను. ఎలా రాస్తానో ముందు చెప్పను, చెబితే రాయనివ్వవు. పూర్తికాగానే పంపుతాను. బుక్ పోస్టులో ఉత్తరం పెడితే ఊరుకోరు కదా, అంచేత కాగితాలొక్కటే వస్తాయి.

నీ వదిన,
కనకం

*

ఖరగపూర్,
15-3-1954

వదినకు మంగ రాయునది.

నిన్న మధ్యాహ్నం కబురు చేరింది.

నేను గోల్‌బజారు వెళ్ళాను. ఆయనకి జ్వరమై ఇంట్లోనే ఉన్నారు. కట్ట ఆయనే అందుకున్నారు. విప్పేసరికి పైకాగితం మీద శ్రీ లేదట. నీ చేతిరాత. "మీ అబ్బాయి రంగూన్ నుంచి వచ్చే దారిలో కాలం చేసినాడని తెలుపుటకు విచారించుచున్నాను" అని ఒక్క వాక్యం చదివారట. ఇక చదవలేదు. గుమ్మం అవతలే నిలబడి మొత్తం కాగితాలన్నీ చించి కాలవలో పడేసి, స్నానం చేసి నాకోసం కూర్చున్నారు. నన్ను మా అత్తగారు మెట్టెక్కనివ్వలేదు. కట్టుకున్న చీర మీదే నెత్తిన నీళ్ళు కుమ్మరించింది. కుమ్మరిస్తూ చెప్పింది.

ఒక్క కాగితమైనా ఉంచకపోయారా, వివరాలు రాసి ఉంటుంది అన్నాను. చావు కబురు ఇంట్లో ఉంచుతారా అన్నారు. అదీ నిజమే. మరి వదిన టెలిగ్రాం ఎందుకివ్వలేదన్నాను. "పన్నెండేళ్ళ నాటి సావుకి టెలిగ్రామేటే?" అంది మా అత్తగారు.

ఎవరు రాశారు వదినా ఆ కబురు? ఇన్నాళ్ళకి ఎక్కడినుంచి వచ్చింది? నీ చేత్తో నువ్వు నకలు తీసి నాకెలా పంపగలిగావు? నీ గుండె అంత గట్టిదని నాకు తెలియదు. నేను సాయంత్రం దాకా ఏడ్చాను. ఆయన జ్వరంతోనే అన్నం వండారు.

ఒక్క మాట. పదోరోజున నిన్ను పీట మీద కూర్చోబెట్టి గాజులు తీయిస్తామని ముత్తైదువలూ ముసలమ్మలూ పోగవుతారు. ఒక్కరినీ రానివ్వకు. తలుపు గడియ పెట్టుకో. ఆయనకి జ్వరం తగ్గగానే బయలుదేరి వస్తాను. అమ్మని కనిపెట్టి ఉండు. ఆవిడ తట్టుకోలేదు.

మంగ

*

చోడవరం,
20-3-1954

శ్రీ

మంగా, ముందు ఈ మాట చదువు. ఏ కబురూ రాలేదు. మీ గుమ్మం అవతల చించింది నా పద్దెనిమిదో ప్రకరణం.

ప్రకరణం చావుకబురు ఉత్తరంతోనే మొదలవుతుంది. ప్రతి ప్రకరణం పైనా శ్రీ రాసి మొదలుపెట్టే అలవాటు నాకు, నీకు తెలుసు. దానిమీద మాత్రం రాయలేదు. చావుకబురుకి శ్రీ ఉండదు కదా, కథ కూడా అలాగే మొదలైతే బాగుంటుందనుకున్నాను. సూరయ్య పేరు రెండో పేజీలో వస్తుంది. మీవారు అక్కడిదాకా రాలేదు. ఆయన తప్పేమీ లేదు. పెద్దలు నేర్పినట్టే చేశారు.

నకలు లేదు. అది ఒకసారి రాశాక రెండోసారి రాయబుద్ధి కాలేదు. నీ ఉత్తరం చదివినప్పుడు నాకు ముందు తట్టింది ఏమిటో తెలుసా? అయ్యో, ప్రకరణం పోయిందే అని. నువ్వు తడిచీరతో మెట్ల మీద నిలబడడం ఆ తరవాత తట్టింది. కంట నీరు రాలేదు. ఎందుకు రాలేదా అని కాసేపు కూర్చున్నాను. బడికి వేళయింది, వెళ్ళాను.

ఉత్తరం అరుగు మీద చదవలేదు కాబట్టి అత్తయ్య అడిగింది. "మంగేటి రాసింది?" అందరూ బాగున్నారట అన్నాను. నా చేతిలోంచి కాగితం లాక్కుని చూసి, "శ్రీ ఏదే?" అంది. నేను కాగితం కోసం చెయ్యి చాచాను. "నాకు సదువు రాదు గానీ శ్రీ ఉందో నేదో తెలీదేటే? మీ మావ పోయినప్పుడు మా పుట్టింటికెల్లిన కార్డు మీద నేదు. అప్పుడు నేర్సుకున్నాను."

ఇక చెప్పక తప్పలేదు. నవల సంగతీ, పార్సెలు సంగతీ చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, మీద పడి కొడుతుందనుకున్నాను. ఏమీ చెయ్యలేదు.

"కతలో ఆణ్ణి సంపేసేవా?"

"ఆఁ."

"కతలో అత్తేటంది?"

"ఇంకా ఏమీ అనలేదు. అక్కడిదాకా రాయలేదు."

"ఈదిలో ఎవులికైనా తెలుసా?"

"తెలియదు."

"ఐతే మంగ ఉత్తరం పొయ్యిలో ఎట్టు" అని లేచి వెళ్ళి బియ్యం ఏరుకుంది. మర్నాడు పొద్దున్న వీధిలో నిలబడి పోస్టుమేన్‌ని, "ఓడొచ్చిందేటి బాబూ?" అని ఎప్పటికన్నా గట్టిగా అడిగింది. కొడుకు మాట వస్తే ఆవిడ మనసు మన మాట వినదు. అంచేత నువ్వు ఇప్పుడు రావద్దు. వస్తే ఎందుకొచ్చావని ఊరంతా అడుగుతారు.

నీ వదిన,
కనకం

*

ఖరగపూర్,
28-3-1954

శ్రీ

సౌభాగ్యవతి, అని రాయనా మాననా? నువ్వే చెప్పు వదినా.

పుస్తకం కోసం మా అన్నని చంపేశావు. చంపి నాకు పోస్టులో పంపావు. వేరేగా రాస్తానని నువ్వు ముందే చెప్పిన మాట నిజమే. నెత్తిన నీళ్ళు పడ్డాక ఆ ముక్క ఎవరికి జ్ఞాపకం ఉంటుంది? ఆ పూటంతా ఏడ్చాను. ఇప్పుడా ఏడుపు ఎవరి లెక్కలో రాయను? సూరయ్య లెక్కలోనా? వర్కుషాపులో ఆయన్ని పరామర్శించినవాళ్ళకి ఇప్పుడేం చెప్పాలి? మా బావమరిది బతికే ఉన్నాడు, కథలో పోయాడు అని చెప్పాలా?

అన్నిటికన్నా నాకు మండినది, అమ్మ చేతికి ఆ ఉత్తరం ఇచ్చావు. పన్నెండేళ్ళుగా ఓడ ఓడ అని కలవరించే మనిషికి కథలో నీ కొడుకు పోయాడని చెప్పావు. ఆవిడ మనసు ఏ ముక్కకి ఆ ముక్క అయిపోయి ఉంటుంది. నువ్వు బియ్యం ఏరుకుంది అని రాశావు. ఒక్కొక్కప్పుడు నీ రాత చదువుతుంటే భయం వేస్తుంది.

నిజం చెప్పనా? ఏడ్చాక ఆ రాత్రి ఒళ్ళెరక్కుండా పడుకున్నాను. అన్నయ్య కబురు ఆగిపోయాక అలాంటి నిద్ర ఎరగను. నీ ఉత్తరం వచ్చాక మళ్ళీ నిద్ర లేదు. దానికీ నీ మీదే కోపం.

ఇంక నాకు ప్రకరణాలు పంపకు.

మంగ

*

చోడవరం,
12-4-1954

మంగా,

ఈ ఉత్తరం గుమ్మం అవతల నిలబడి చదువు. పైన శ్రీ లేదు. ఇది కథ కాదు.

ఉగాది వెళ్ళిన వారానికి పురోహితుడు మళ్ళీ వచ్చాడు. ఈసారి ఊరి పెద్దలిద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. అత్తయ్య అరుగు మీదికి వచ్చి, "నా కొడుకు బతికుండగా దినం సేస్తారా? ఆడు ఓడ దిగొచ్చి అడిగితే ఏటి సెప్తారు?" అని శాపనార్థాలు పెట్టింది. పెద్దలు సిగ్గుపడి వెళ్ళిపోయారు. వీధి ఖాళీ అయింది. అత్తయ్య లోపలికి వచ్చి, చెంబుడు నీళ్ళు తాగి, "మినప్పప్పు నానబోసేవా?" అంది. గొంతులో ఇందాకటి కేక తాలూకు జీర కూడా లేదు.

నాకప్పుడు తట్టింది. మేమిద్దరమే ఉన్నప్పుడు ఈవిడ ఎప్పుడైనా ఓడ మాట ఎత్తిందా? వెతుక్కున్నాను. వంటింట్లో, పొలం గట్టు మీద, నాకు విషజ్వరం వచ్చి నెల్లాళ్ళు ఆవిడ నా పక్కలోనే పడుకున్నప్పుడు. ఒక్కసారి కూడా దొరకలేదు మంగా. మూడోమనిషి వింటూ ఉంటేనే ఆవిడ ఎదురుచూస్తుంది.

"అత్తయ్యా, ఆయనొస్తాడా?" అన్నాను. అంతవరకూ ఎప్పుడూ అడగలేదు.

"బయటెవులైనా ఉన్నారేటి?"

"లేరు."

"రాడు" అంది.

పరదేశి తిరిగొచ్చిన రోజున మన ఇంటికి రాకముందే చెరకు తోటలో అత్తయ్యని కలిశాడట. కొండదారిలో మీ అన్నయ్య వాంతులూ విరేచనాలతో పోయాడని, తనే ఆకులు కప్పి వచ్చానని చెప్పాడట. "జొరంతో కూసున్నాడని సెప్పు, ఆ మీద తెలీదను, అని నానే ఒట్టేయించేను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాడు పాపం" అంది.

ఎందుకలా అన్నాను.

"మీ మావ పోయినప్పుడు నాకిరవయ్యారేళ్ళు. మంగ కడుపులో ఉంది. గాజులు పగలగొట్టి మూల కూసోబెట్టేరు. ఎవులి ఇంటికెల్లినా ఎదురు రాకే అనీవోరు. మంగ పెల్లికి తలంబ్రాలు కిటికీలోంచి సూసేను. ఆడు పోయినప్పటికి నీకిరవై రెండో ఏడు. నాను ఒస్తాడు ఒస్తాడు అంతన్నంత కాలం నీ గాజుల మీద సెయ్యెవుడేస్తాడు? నేపోతే నీకు బడి ఉజ్జోగం ఇచ్చేవోడా, పేరంటానికి పిలిసీవోరా? నన్ను పిచ్చిదన్నారు. అననీ. ఆ మాటొల్ల నాకేటి పోయింది?"

ఇంతా చెప్పి, "మంగకి రాయి. ఆడి సెల్లికి తెలియాలి. ఏడిసింది కదా, ఆ ఏడుపు నిజానిదేనని సెప్పు. కార్డు మీదొద్దు, కవర్లో ఎట్టు" అంది.

అందుకని రాస్తున్నాను. మీ అన్నయ్య బంగార్రాజు 1942లో పోయాడు. నువ్వు ఏడ్చిన ఏడుపు ఆయనకే చెందింది. స్నానం అయిపోయింది కాబట్టి మళ్ళీ అక్కరలేదు. ఉత్తరం మాత్రం చించెయ్యి.

నాకు ఇప్పటికీ ఏడుపు రాలేదు. లోపల కాలు తిమ్మిరెక్కినట్టుంది. ఆయన కోసమో అత్తయ్య కోసమో కూడా తెలియడం లేదు. గదిలోకి వెళ్ళి ప్రకరణాలు మళ్ళీ పరిచాను. అది ఒక్కటీ చేతనైంది. పదిహేడు ప్రకరణాల్లోనూ ఆవిణ్ణి వెర్రిదాన్ని చేసి నవ్వులపాలు చేశాను. జరిగినవన్నీ జరిగినట్టే ఉన్నాయి, ఒక్కటీ తీసెయ్యక్కరలేదు. కాని మొదటి పేజీ నుంచీ మొత్తం మళ్ళీ రాయాలి. ఈ కథ ఎవరిదో ఇప్పుడు తెలిసింది.

తెలిసి ఏం లాభం? ఉన్నదున్నట్టు రాస్తే నవల నిలుస్తుంది, ఇల్లు పడిపోతుంది. చోడవరంలో ఆ పుస్తకం మొదట చదివేది ఆ పెద్దలే. అత్తయ్య పన్నెండేళ్ళు కష్టపడి కాసినదాన్ని నేను నా చేత్తో అచ్చువేయించి వాళ్ళకి ఇవ్వాలి. పోనీ మానేద్దామా అంటే, ఆవిణ్ణి అలా వెర్రిదానిగానే కాగితాల మీద వదిలెయ్యడానికి మనసొప్పడం లేదు.

ఒక్క దారి తోచింది. ఎవరిచేతా ఏమీ చెప్పించను. చావుకబురు రాదు. సూరయ్యా రాడు. ముసలావిడ ఓడ మాట ఎత్తిన ప్రతిచోటా పక్కన పరాయి మనిషి ఉంటాడు. పరాయి మనిషి లేనిచోట ఆవిడ పప్పు నానబోసిన మాటే మాట్లాడుతుంది. అంతే. చూసేవాళ్ళకి కనిపిస్తుంది, చూడనివాళ్ళకి లేదు. అత్తయ్యకి చెబితే, "అలగైతే రాసుకో" అంది.

కనకం

*

చోడవరం,
9-11-1954

శ్రీ

చిరంజీవి సౌభాగ్యవతి మంగకు వదిన దీవెనలు.

ఏప్రిల్ నుంచి నీ ఉత్తరం లేదు. మేం రాసిన నాలుగు కార్డులకీ జవాబు లేదు. నువ్వు ఆ కవరు చదివావో లేదో, చించావో లేదో తెలియదు. ఏమీ రాయకపోయినా క్షేమమని ఒక్క ముక్క రాయి. అత్తయ్య రోజూ పోస్టుమేన్‌ని రెండు అడుగుతోంది. ఓడ సంగతి పైకి అడుగుతుంది, నీ ఉత్తరం సంగతి కళ్ళతో అడుగుతుంది.

నవల రాజమండ్రి ఆయనకి నచ్చింది, అచ్చుకిచ్చారు. పేరు నేను పెట్టిన "రేపటి ఓడ" అనే ఉంచారు. ఆయన ఏం రాశారో చూడు. "అమ్మా, ఇప్పుడు సరిగ్గా కుదిరింది. కొడుకు వస్తాడని చివరిదాకా నమ్మిన ఆ వెర్రితల్లి అమాయకత్వం నా చేత కంటతడి పెట్టించింది." అంత పెద్ద ప్రశ్న అడిగిన మనిషి, జవాబు ముందు పెడితే దాటుకుని వెళ్ళిపోయాడు. ఒక నిమిషం ఉక్రోషం వచ్చింది. ఆరు నెలలు రాశాను మంగా, బడి నుంచి వచ్చి, రాత్రి చేయి లాగేదాకా. తరవాత ఇదే మంచిదనుకున్నాను. ఆయనకే కనపడకపోతే ఊరి పెద్దలకేం కనపడుతుంది?

"నన్నేటన్నాడే?" అంది అత్తయ్య.

"వెర్రితల్లి అన్నాడు."

"బాగుంది. అలగే ఉండనీ" అని తృప్తిగా తమలపాకు నమిలింది.

పుస్తకం రాగానే ఒక కాపీ పంపుతాను. మీవారితో చెప్పు, ఈసారి పైన శ్రీ ఉంటుంది.

నీ వదిన,
కనకం

*

ఖరగపూర్,
6-3-1955

వదినా,

ఈ మొదటి కాగితం నీకు. రెండోది అరుగు మీద చదవడానికి. ఇది చదివి పొయ్యిలో పెట్టు.

నీ ఏప్రిల్ కవరు గుమ్మం అవతలే చదివాను, అక్కడే చించాను. స్నానం చెయ్యలేదు. ఆ తరవాత పెన్ను పట్టుకుంటే ఒకటే మాట వచ్చేది. అమ్మ నాకెందుకు చెప్పలేదు? కన్నకూతుర్ని కదా. ఆ మాట రాయకూడదని అసలు ఉత్తరమే రాయలేదు.

పుస్తకం వచ్చింది. రెండు రోజుల్లో మా అత్తగారికి పైకి చదివి వినిపించాను. "పాపం ముసల్ది, ఎంతాశెట్టుకుందో" అని ఆవిడ ముక్కు చీదింది. అవునండీ అన్నాను. అలా అంటుండగానే నాకు తెలిసింది. నేను కూడా ఇన్నాళ్ళూ అరుగు మీద నిలబడ్డ పరాయి మనిషినే. నా ముందు కూడా అమ్మ ఎదురుచూసింది. నా నోట్లో నువ్వుగింజ నానదని ఆవిడకి తెలియదా? అది తెలిశాక కోపం పోయింది. నేను కడుపులో ఉండగా ఆవిడకి జరిగింది నీకు జరగకూడదనుకుంది. అందులో నాకు చెప్పడానికి చోటు లేదు.

ఇప్పుడు బాగానే నిద్ర పడుతోంది. నీకు ఏడుపు వచ్చిందా? రాకపోయినా ఫరవాలేదు. నేను ఇద్దరి తరపునా ఏడ్చాను.

రెండో కాగితం గట్టిగా చదువు. వీధి చివరిదాకా వినపడాలి.

మంగ

*

ఖరగపూర్,
6-3-1955

శ్రీ

మహాలక్ష్మీ సమానురాలు, అఖండ సౌభాగ్యవతి వదినగారికి ఆడపడుచు మంగాయమ్మ నమస్కరించి రాయునది. కాగితం నాలుగు మూలలా పసుపు రాసి పంపుతున్నాను.

ఇక్కడ మేమంతా క్షేమం. కుళాయి ఇప్పుడు రెండు పూటలా వస్తోంది. నువ్వు రాసిన పుస్తకం మా లైనులో చేతులు మారుతోంది.

అమ్మకి నా నమస్కారాలు. ఇక్కడి మనిషి ఒకడు మొన్న కలకత్తా వెళ్ళి వచ్చాడు. రంగూన్ నుంచి ఇంకా జనం వస్తూనే ఉన్నారట. అమ్మతో చెప్పు. విశాఖపట్నం నుంచి ఎవరొచ్చినా ఓడ సంగతి కనుక్కుంటూ ఉండమని చెప్పు. దర్భలూ బొమ్మలూ అంటూ ఎవరైనా గుమ్మంలోకి వస్తే, చెల్లెలు ఒప్పుకోలేదని నా మాటగా చెప్పు.

అన్నయ్య ఓడ దిగిన వెంటనే టెలిగ్రాం ఇవ్వండి. ఎంత రాత్రయినా ఫరవాలేదు. మేం మేలుకునే ఉంటాం.

ఇట్లు,
మీ మంగాయమ్మ